మట్టయ్య దాచుకున్న తల

అనగనగా ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక గాజుపెట్టె. ఆ పెట్టెలో మట్టయ్య అనే పెంపుడు పాము ఒంటరిగా ఉండేది.

దాన్ని అందరూ రెండు తలల పాము అనేవారు. నిజంగా రెండు తలలుంటాయా పిల్లలూ? ఉండవు. దాని తోక మొద్దుగా, అచ్చం తలలాగే ఉంటుంది, అంతే. భయమేస్తే అసలు తలను చుట్టల కింద దాచి, తోకను పైకెత్తుతుంది. గద్ద వచ్చి తోకను పొడుస్తుంది. తల దక్కుతుంది. ఎంత తెలివో చూశారా!

ఒకరోజు చుక్కమ్మ అనే బల్లి గాజు మీదికి పాకి వచ్చింది.

"ఏం తమ్ముడూ, బాగున్నావా? మధ్యన గాజు ఉందిలే. నువ్వు నన్ను తినలేవు. ఇంతకన్నా మంచి పొరుగు ఎక్కడ దొరుకుతుంది?" అంది.

మట్టయ్య గబుక్కున తల దాచి, తోక ఎత్తింది. చుక్కమ్మ ఆ తోకనే మొహమనుకుంది.

"సిగ్గు కాబోలు" అనుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది.

"ఈ ఇంటి పెద్దబ్బాయి 'ఈసారి పాసవుతాను' అన్నాడు. సరిగ్గా అప్పుడే నేను దోమను చూసి కిచకిచమన్నాను. 'సత్యం! బల్లి పలికింది!' అని పుస్తకం మూసేసి పడుకున్నాడు!"

చుట్టల కింద మట్టయ్యకు నవ్వు ఆగలేదు. కానీ తోక నవ్వుతుందా? తల ఎత్తాలనిపించింది. భయమేసి ఎత్తలేదు.

మూడోరోజు చుక్కమ్మ గొంతు తగ్గింది.

"రేపు గోడలకు సున్నం కొడతారట. నేను పక్కింటికి పోవాలి. 'ఉండు అక్కా' అని ఒక్క మాట అను తమ్ముడూ, నీ పెట్టె వెనకాలే సర్దుకుంటాను."

మట్టయ్యకు ఉండమనాలని ఉంది. కానీ తల బయటపెడితే ఏమవుతుందో!

చుక్కమ్మ చాలాసేపు తోక వైపే చూసింది.

"ఇన్ని కబుర్లు చెప్పాను. నీ మొహంలో ఒక్క నవ్వు లేదు. నేనంటే ఇష్టం లేదన్నమాట" అని కిటికీ దాటి వెళ్ళిపోయింది.

అప్పుడు ఎత్తింది మట్టయ్య అసలు తల!

"అక్కా, ఉండు!" అంది.

గోడ ఖాళీగా ఉంది.

ఆ తరువాత గాజు మీద ఏ నీడ పడినా మట్టయ్య ముందు తలే ఎత్తి చూసేది. సున్నం కొట్టేవాళ్ళు వచ్చారు, ఈగలు వచ్చాయి. చుక్కమ్మ మాత్రం రాలేదు.

నీతి: శత్రువుకు తల చూపకపోవడం తెలివే. ఆప్తులకూ చూపకపోతే ప్రాణం మిగులుతుంది, తోడు మిగలదు.