సుక్కవ్వ నోరు

అనగా అనగా, మన తాతల తాతలు చనుబాలు తాగేనాడు, తాటివనం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్లో కల్లుగీసే బుచ్చయ్య కూతురు సుక్కవ్వ. ఆరేళ్ల పిల్ల, వట్టి వాగుడుకాయ.

ఒక పొద్దున తండ్రి నడుముకు మోకు చుట్టుకుని తాటిచెట్టు ఎక్కబోతుంటే చూసి, "నాయినా, మోకు పీచులు లేచింది. తెగుతది, ఎక్కకు" అంది.

"అట్లనకు బిడ్డా, తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అని నవ్వి ఎక్కాడు బుచ్చయ్య. మోకు తెగింది. పడ్డవాడు మళ్లీ లేవలేదు.

నాయనమ్మ గుండెలు బాదుకుంటూ, "నీ నోటితోనే తెంపినవ్ గదనే!" అంది. మోకు పాతదని ఊరంతా ఎరుగును. కానీ మోకును తిడితే దానికి చెవులెక్కడివి? చెవులున్నది పిల్లకే. నాయనమ్మ ఆ మాట మూణ్ణాళ్లకే మరిచిపోయింది. పిల్ల మరవలేదు.

తోటిపిల్లలు ఆటకు పిలిచారు. సుక్కవ్వ నోరు విప్పలేదు. అత్తవారి గడపలో మొగుడి పేరు చెప్పమన్నారు. సుక్కవ్వ నోరు విప్పలేదు. కొడుకు పుట్టాడు, జోల పాడమన్నారు. అప్పుడూ విప్పలేదు. మూగదన్నారు, గాలి సోకిందన్నారు, వేపమండలతో కొట్టించారు. ఏమైందే తల్లీ అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

కొడుకు లింగయ్య పెరిగి మోకు పట్టాడు. ఒకనాడు ఆ మోకులో తెగిన పోగులు సుక్కవ్వ కంటబడ్డాయి. నాలుక దాకా వచ్చిన మాటను మింగేసింది. అంటే జరుగుతుంది కదా! కొడుకు కాళ్లు చుట్టేసుకుంది.

"ఇడువవ్వా, పొద్దెక్కుతుంది" అని విడిపించుకుని ఎక్కాడు వాడు. మోకు తెగింది. వాడూ లేవలేదు.

"అందుకా కాళ్లు పట్టుకున్నవ్? చూసినంక ఒక్క మాట చెప్పరాదా!" అని, మూగదన్న మాటే మరిచి, ఊరు ఆమె మీద విరుచుకుపడింది.

అప్పుడు విప్పింది నోరు.

"చెప్తే నాయిన సచ్చిండు. చెప్పకుంటే కొడుకు సచ్చిండు. ఇగ నేనేం జెయ్యాలెనో మీరే చెప్పుండ్రి."

ఏడాది తిరగకుండానే మనాదితో పోయింది సుక్కవ్వ.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మనవాళ్లు ఘనులు. నేటికీ ఆ ఊళ్లో ఎవరింట చావు జరిగినా, ముందు ఆ ఇంటి పసివాళ్లను పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. "నీ నోటితోని కాలేదు బిడ్డా, నీతోని కాలేదు" అని చెబుతారు. పిల్లలు తలూపేదాకా పాడె లేపరు.

సుక్కవ్వకు మాత్రం ఆ మాట ఎవరూ చెప్పలేదు.