వైద్యుడి ఇంటి అన్నం

మల్లభూపతికి అజీర్తి ముదిరింది. ఆస్థాన వైద్యుడు శరభాచారి నాడి పట్టి చూసి, "ప్రభూ, తీపి మీకు విషం. పూటపూటా వట్టి అన్నమే తినండి. ప్రతి ముద్దా యాభైసార్లు నమలండి" అన్నాడు.

మూడో రోజు రాజుగారు భోజనం మధ్యలో కంచం తోసేశారు. "అన్నం తియ్యగా ఉందే" అన్నారు.

"నా వైద్యం చెడగొట్టాలని వంటమనిషి బెల్లం కలిపింది. చెరసాలలో వేయించండి" అన్నాడు శరభాచారి.

వంటమనిషి నూకాలమ్మను భటులు పట్టుకొచ్చారు. ఇరవై ఏళ్లుగా ఆ వంటింట్లో ఒక్క మాట పడని మనిషి. చేతులు జోడించింది.

"ఒక్క మనవి ప్రభూ. వైద్యులవారి ఇల్లాలు వండిన అన్నం తెప్పించి, తమరు తిన్నట్టే వారినీ తినమనండి."

అన్నం వచ్చింది. శరభాచారి ధీమాగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రాజుగారే లెక్కపెట్టారు. ఇరవై దాటేసరికి వైద్యుడి దవడలు నెమ్మదించాయి. నలభైకి తల దించుకున్నాడు.

"ఎలా ఉంది?"

"కొంచెం తియ్యగానే ఉంది ప్రభూ."

"మరి మీ ఇంట్లో బెల్లం కలిపిందెవరు?"

"ఎవరూ కలపలేదు ప్రభూ" అన్నాడు వైద్యుడు గబగబా. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాలి కదా.

రాజుగారు కడుపారా నవ్వి, నూకాలమ్మను వదిలేయమన్నారు. "ఈ సంగతి నీకెలా తెలిసింది?" అని అడిగారు.

నూకాలమ్మ జోడించిన చేతులు దించింది.

"పళ్లు రాని మనవరాలికి నమిలి పెట్టినదాన్ని ప్రభూ. నోట్లో ఎంత నానితే అన్నం అంత తియ్యన. ఇరవై ఏళ్లుగా తమరు నా అన్నం మింగారు. తినడం మొన్ననే మొదలుపెట్టారు."