దాసుగారి రోకలిపాట

పిల్లలూ, ఈ కథ మీకు చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు కనుక నేనే చెబుతున్నాను.

పూర్వం ఒక రాజ్యంలో బూచిదాసు అనే పాటగాడు ఉండేవాడు. ఆయన పోయిన ముప్పై ఏళ్లకు ఆస్థాన పండితుడు అవధాని ఆయన పాటలు నూరు గ్రంథానికెక్కించాడు. గ్రంథంలో లేని పాటను దాసుగారి పేరిట ఎవరూ పాడకూడదని ఆజ్ఞ ఇమ్మని రాజును కోరాడు.

వడ్లు దంచే పాతికేళ్ల నూకాలు సభకు వచ్చింది.

"మారాజా, మా అమ్మ నేర్పిన రోకలిపాట ఒకటి మిగిలిపోయింది. తంబురా బుర్ర పగిలితే దాసుగారు లక్కతో అతికించుకుని, ఆ అతుకు మీద కట్టిన పాట."

అవధాని నవ్వాడు. "కట్టుకథ. దాసుగారు పోయిన రోజే సేవకుల చేత ఆ తంబురాకు పట్టుగుడ్డ చుట్టించి కుట్టించాను, నాటి నుంచి ఎవరూ విప్పలేదు. అప్పటికి నువ్వు పుట్టనేలేదు. అతుకుందని నాకే తెలియదు, నీకెవరు చెప్పారు?"

"పాటే చెప్పింది బాబూ. కుట్టు విప్పించండి. అతుకు లేకపోతే ఆ పాట ఇక పాడను."

తంబురా తెప్పించి కుట్టు విప్పారు. బుర్ర మీద వేలెడు లక్క అతుకు కనిపించింది.

"ఈమె దీన్ని చూసే వీలే లేదని మీరే సాక్ష్యం చెప్పారు. అయితే పాట దాసుగారిదే," అన్నాడు రాజు.

అవధాని అతుకును చాలాసేపు తడిమి చూశాడు. తర్వాత తాటాకు, గంటం తీసుకుని నూకాలు దగ్గర కూర్చున్నాడు. "మెల్లగా చెప్పమ్మా, రాసుకుంటాను."

"ఊరికే చెప్పమంటే గుర్తురాదు బాబూ. దంచుతూ ఉంటేనే వస్తుంది. రెండో రోకలి మీరు పట్టుకోండి."

ఆ సాయంత్రానికి రాజుగారి వంటకు సరిపడా బియ్యం తయారైంది, గ్రంథంలో నూటొకటో పాట చేరింది.

ఆ పాట నాకు రాదు. కథ మాత్రం మీరు మరొకరికి చెప్పండి.