అన్నీ పచ్చగానే ఉన్నాయి

యశోదకి గురువు మీద కోపం వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజులుగా నూకరాజు మాస్టారు ఒక్క కాగితం మీద సంతకం పెట్టకుండా తప్పించుకు తిరుగుతున్నాడు.

విశాఖలో అదొక పెద్ద కేన్సరు ఆసుపత్రి. రోగుల స్కాన్ బొమ్మలన్నీ దాచే స్టోరేజి యంత్రం కింది అంతస్తులో, ఎండాకాలంలోనూ స్వెట్టరు అడిగే గదిలో ఉంటుంది. దానికి వయసు మీరింది. కొత్తది తెచ్చి నిలబెట్టారు. పన్నెండు సర్వర్లని ఆ కొత్తదానికి కలిపే పని యశోద నలభై రోజులు చేసింది. బొబ్బిలి పిల్ల, పని రాక్షసి. పనిలో తప్పు పడితే మాత్రం ఊరుకోదు.

సోమవారం పొద్దున పాతదాన్ని ఆపేసి కొత్తదాని మీదకి మారాలి. ఎనిమిదింటికి మొదటి ఆపరేషను. కత్తి పట్టుకున్న సర్జను తలెత్తి చూసేసరికి తెర మీద బొమ్మ ఉండాలి. లేకపోతే కోసిన కడుపు ముందు నిలబడి ఆయన ఊహించుకోవాలి. అందుకే, అంతా సవ్యంగా ఉందని రాసిన కాగితం మీద, కట్టినవాళ్ళ సంతకంతోపాటు ఆ గదికి పెద్ద అయినవాడి సంతకమూ తప్పనిసరి.

గది పెద్ద నూకరాజు. ముప్పయ్యేళ్ళుగా తీగల మధ్యే బతికిన మనిషి. యశోదకి ఈ విద్యలో అక్షరాభ్యాసం చేసిందీ ఆయనే. అలాంటివాడు కాగితం తీసుకున్నాడు, చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపమేమిటని ఎన్నిసార్లు అడిగినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

శనివారం పొద్దున ఆమె ఇక ఆగలేకపోయింది. లాప్‌టాప్ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. తెర మీద పన్నెండు వరసలు, వరసకి రెండు చుక్కలు. ఒక్కో సర్వరు నుంచి స్టోరేజికి రెండు దారులు, ఒకటి పోతే రెండోది ఆదుకోవాలి. ఇరవై నాలుగు చుక్కలూ పచ్చగా వెలుగుతున్నాయి.

"మొదటి సర్వరుకి ఒక దారి తెంపి మరీ చూశాను మాస్టారూ. రెండోదాని మీద నడిచింది. మిగతా పదకొండూ అలాగే కట్టాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలదా?"

"ఒకే కుండలో ఉడికితే సాలు. నువ్వు పన్నెండు కుండలెట్టావు," అన్నాడు నూకరాజు.

యశోదకి ఒళ్ళు మండింది. నమ్మకం లేనివాళ్ళు పని నేర్పడం ఎందుకంది. సంతకం పెట్టనైనా పెట్టండి, తప్పు చూపించనైనా చూపించండి అంది. ఆయన లేచి యంత్రాల వెనక్కి వెళ్ళాడు. లాప్‌టాప్ పట్టుకుని ఆమె కూడా వెనకాల నడిచింది.

అక్కడ దారులు కలిపే స్విచ్ పెట్టెలు రెండున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. ప్రతి సర్వరు నుంచి నీలం తీగ పై పెట్టెకి, పసుపు తీగ కింది పెట్టెకి రావాలి. పై పెట్టెకి కరెంటు ఇచ్చే ప్లగ్గులు రెండు. నూకరాజు లాప్‌టాప్ పక్కన పెట్టించి, ఆమె చేతులు పట్టుకుని ఆ ప్లగ్గుల మీద పెట్టాడు.

"లాగీ."

ఆమె చేతులు కదల్లేదు. నడుస్తున్నదాన్ని ఎవరైనా లాగుతారా అని గొణిగింది. ఆసుపత్రి పనంతా ఇంకా పాతదాని మీదే సాగుతోందనీ, కొత్తదాంట్లో ఉన్నవి నకళ్ళేననీ, లాగితే ఎవరికీ నష్టం లేదనీ ఆమెకి తెలుసు. తెలిసినా ప్లగ్గుల్ని ఊడనివ్వనన్నట్టు అదిమి పట్టుకుంది.

"ఈ పెట్టి సచ్చిపోయే రోజున నీకు ముందు సెప్పి సస్తాదేటమ్మా?"

దాంతో ఆమెకి పంతం వచ్చింది. రెండూ ఒక్కసారే లాగేసింది.

తెర మీద పన్నెండు వరసల్లోనూ మొదటి చుక్క ఎర్రబడింది. అది అనుకున్నదే. అయిదో వరసలో మాత్రం రెండు చుక్కలూ ఎర్రబడ్డాయి. ఆపరేషను గది తెర మీదకి స్కాన్ బొమ్మలన్నీ వెళ్ళేది ఆ అయిదో సర్వరు నుంచే.

వెతకాల్సిన పని లేకుండానే ఆమెకి గుర్తొచ్చింది. అయిదోది వరస చివర ఉంది. ఇప్పుడు చూస్తే దాని పసుపు తీగ జానెడు పొట్టి. తీగలు బిగించడానికొచ్చిన పనివాడు అందినకాడికి, పై పెట్టెలోనే గుచ్చేసి పోయాడు. ఆ చుక్క పచ్చబడక ఆమె ఒక మధ్యాహ్నమంతా కుస్తీ పట్టింది. చివరికి ఆ తీగ పేరు పై పెట్టెలో కనబడితే, ఇది ఇక్కడికెందుకొచ్చిందని అడగలేదు, లేచి వెళ్ళి చూడలేదు. ఏయే తీగల్ని రానివ్వాలో రాసుండే పై పెట్టె జాబితాలో, కూర్చున్న చోటి నుంచే దాని పేరు చేర్చేసింది. చుక్క పచ్చబడింది. ఆ సంతోషంలో క్యాంటీన్లో అందరికీ పునుగులు ఇప్పించింది కూడా.

నూకరాజు ప్లగ్గులు తిరిగి పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

పొడుగు తీగ తెచ్చి కింది పెట్టెకి కట్టింది. చుక్క పచ్చబడ్డా నమ్మక, ప్లగ్గులు మళ్ళీ లాగి చూసింది. అయిదోది నిలబడింది. అప్పుడు కింది పెట్టె వైపు చూసింది. దాన్ని ఇంతవరకూ ఎవరూ లాగలేదు. ఒకటి ఆగితే ఇంకొకటి పనందుకోవాల్సిన రెండు భాగాలు స్టోరేజి యంత్రంలోనూ ఉన్నాయి, వాటినీ ఒక్కొక్కటిగా ఆపి చూడలేదు. ఒక్కో సర్వరుకీ అన్నీ చూసుకుంటూ పోతే మంగళవారం అవుతుంది.

అంతలో డైరెక్టరు డాక్టర్ పట్నాయక్ వచ్చాడు. సోమవారం మంత్రిగారి చేత రిబ్బను కత్తిరింపు, ఆహ్వానాలు ఊరంతా పంచేశారు. జరిగింది విని, తప్పు దొరికింది, దిద్దారు, ఇంకేం కావాలి, సంతకం పెట్టమన్నాడు. మంగళవారం దాకా కుదరదంది యశోద. ఆయన ఆమె వైపు చూడను కూడా చూడలేదు. ఈ పిల్ల కాంట్రాక్టు మనిషేననీ, నూకరాజు సర్వీసు పొడిగింపు కాగితం తన బల్ల మీదే ఉందనీ, రెండూ నూకరాజుకే వినిపించాడు.

నూకరాజు జేబులోంచి కాగితం తీశాడు. బల్ల మీద పరిచి, మడతలు చేత్తో సాఫు చేశాడు. పెన్ను మూత తీసి వంగాడు.

మూడు రోజులు బిగుసుకు కూర్చున్న మనిషి ఇంత తేలిగ్గా వంగుతాడని యశోద అనుకోలేదు. చెయ్యి చాచి, అరచేతిని కాగితం మీద పెట్టేసింది.

"మీరు పెట్టినా నేనొప్పుకోను మాస్టారూ. కట్టిన నాకే తెలీదు, ఇందులో ఇంకా ఏముందో."

పట్నాయక్ ముఖం ఎర్రబడింది. సోమవారం నుంచి గేటు లోపలికి అడుగు పెట్టలేవన్నాడు.

"సరే సార్. ఇవాళా రేపూ ఉంటాను. పనుంది."

ఆమె కాగితం మీంచి చెయ్యి తియ్యలేదు. పట్నాయక్ నూకరాజు వైపు తిరిగి, మీ శిష్యురాలే కదా, పక్కకి జరగమనండి అన్నాడు.

ఒక్క అక్షరమూ రాయని పెన్నుకి నూకరాజు మూత పెట్టాడు.

"జరగమంటే జరిగిపోయే మనిషి సంతకం మీకేటి పనికొస్తాది బాబూ?"