కొసరు అరిసె

పండూ, కాళ్ళు ముడుచుకో, చెల్లెల్ని తన్నకు. చిన్నీ, నువ్వు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే నా కథ అలిగి గోడవైపు తిరిగి పడుకుంటుంది, ఆ తర్వాత నన్ననొద్దు.

అనగనగా ఒక ఊళ్ళో, ఏ ఊరని అడక్కండి, నాకు చెప్పినావిడే మర్చిపోయింది, గవర్రాజని ఒకడుండేవాడు. మంచివాడే పాపం. కానీ వాడికో జబ్బు. చెవిలో అంకె పడితే చాలు, ఏమడిగారో వినకుండా కలిపేసేవాడు. మా ఇంట్లో మూడు మేకలున్నాయిరా, మా అత్తకి నాలుగు పళ్ళు ఊడాయిరా అంటే, "ఏడు!" అనేవాడు. ఏమిటేడు? మేకలా, పళ్ళా? వాడికే తెలీదు. వాడి పెళ్ళాం మాణిక్యం మాత్రం నెమ్మదస్తురాలు. ఉప్పు వెయ్యవే అన్నా, ఎందులో అని అడిగిగానీ వేసేది కాదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మాణిక్యం పొలానికి అన్నం పట్టుకెళ్ళింది. చూస్తే ఎద్దులున్నాయి, నాగలుంది, మొగుడు లేడు. మావా, మావా అని పిలిస్తే పైనుంచి "అబ్బా!" అని వినిపించింది. గట్టు మీద తుమ్మచెట్టు, చెట్టు మీద గవర్రాజు. ముల్లు గుచ్చుకుంటే అబ్బా. పక్కకి జరిగితే ఇంకో అబ్బా. వాడి పక్కనే తెల్లపంచె కట్టుకుని, చేత్తో బెత్తం పట్టుకుని, పాదాలు వెనక్కి తిరిగిన దయ్యం!

భయపడకే చిన్నీ, అది కొరికే దయ్యం కాదు. లెక్కలడిగే దయ్యం. ఏంట్రా పండూ, కొరికేదే నయమా? నోర్ముయ్.

బతికున్నప్పుడు ఆయన లెక్కల పంతులట. ఒకే ఒక్క లెక్క తేలక, అది మనసులో పెట్టుకునే పోయి, దయ్యమై కూచున్నాడు. దారినపోయే ప్రతివాణ్ణీ అదే అడుగుతాడు. గవర్రాజు లెక్క సగం విని అయిదన్నాడు, పంతులు వాణ్ణి సర్రున చెట్టెక్కించేశాడు. పొద్దుగూకేలోగా జవాబు రాకపోతే నీ మొగుడు నా శిష్యుడే, ఇక చెట్టు దిగడు అన్నాడు మాణిక్యంతో.

తెలివితక్కువవాడైతే అయ్యాడుగానీ, మాణిక్యానికి వాడంటే ప్రాణం. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే లెక్క తేలుతుందా? ముక్కు చీది, పైట దోపి, ఏదీ పంతులుగారూ, లెక్క మళ్ళీ నెమ్మదిగా చెప్పండి అంది.

ఊ కొడుతున్నారా? మీరూ వినండి మరి. ఒకావిడ పుట్టింటి నుంచి బుట్టలో అరిసెలు పెట్టుకుని బయల్దేరింది. దారిలో పెద్దమ్మ ఇల్లు, తర్వాత మేనత్త ఇల్లు, తర్వాత పిన్ని ఇల్లు. ప్రతి ఇంట్లోనూ బుట్టలో ఉన్నవాటిలో సగం పెట్టి, పైన ఒకటి కొసరు వేసింది. అత్తారింటికొచ్చేసరికి ఒక్క అరిసె మిగిలింది. వాళ్ళమ్మ ఎన్ని పెట్టి పంపింది? అదీ లెక్క.

గవర్రాజు పైనుంచి ఎనిమిది, ఎనిమిది అని అరిచాడు. ఒకటికి రెండు, రెండుకి నాలుగు, నాలుక్కి ఎనిమిది. మరి కొసరో అని అడిగింది మాణిక్యం. "కొసరు లెక్కలోకి రాదే! సంతలో ఎవరైనా కొసరు లెక్కేస్తారా?" అన్నాడు. దయ్యం ఎగిరి గంతేసి, నేనూ అదే అన్నా, నేనూ అదే అన్నా అంది. అయితే దిగనా అన్నాడు వీడు. ఉండరా, మా ఆవిడ కాదందిరా అని మళ్ళీ డీలాపడిపోయింది.

మాణిక్యం పుల్ల పుచ్చుకుని మట్టిలో మూడు గుమ్మాలు గీసింది. రాలిన తుమ్మగింజలు ఏరి, ఇవే అరిసెలనుకోండి అంది. ముందు మీ ఎనిమిదే తీసుకుని నడుద్దామంది. పెద్దమ్మ ఇంట్లో నాలుగు పెట్టి, కొసరొకటి వేస్తే మిగిలింది మూడు. మేనత్త ఇంట్లో మూడులో సగం పెట్టాలి. అంటే అరిసె విరగ్గొట్టాలి! "మేనత్తకి విరిగిన అరిసె పెడతామా పంతులుగారూ?" అని బుగ్గలు నొక్కుకుంది. దయ్యానికి సిగ్గేసింది. బుట్టలోంచి వెళ్ళిన అరిసె వెళ్ళినట్టే కదా, కొసరని పేరు పెడితే బుట్టలోకి తిరిగొస్తుందా?

అప్పుడు మాణిక్యం ఏం చేసిందనుకున్నారు? ముందునుంచి దారి దొరకడం లేదుగా, అత్తారింటి దగ్గర మొదలెట్టి వెనక్కి నడిచింది! చేతిలో ఒకటి. పిన్నికి వేసిన కొసరు వెనక్కి తీసుకుంటే రెండు. ఇది సగమేగా, మిగతా సగం పిన్ని దగ్గరుంది, కలిపితే నాలుగు. కొసరు కలుపు, రెట్టింపు చెయ్యి, ఒక గుమ్మం వెనక్కెయ్యి. మేనత్త ఇంటికి వచ్చింది. నాలుక్కి కొసరు కలిపితే అయిదు, రెట్టిస్తే పది. కొసరు కలుపు, రెట్టింపు చెయ్యి, ఒక గుమ్మం వెనక్కెయ్యి. పెద్దమ్మ ఇంటికి వచ్చింది. పదికి కొసరు కలిపితే పదకొండు, రెట్టిస్తే?

చెప్పరా పండూ. ఇరవై రెండు! నా బంగారం.

దయ్యం నమ్మలేదు. నమ్మకండి, నడిచి చూడండి అంది మాణిక్యం. ఇరవై రెండులో పదకొండు పెట్టి, కొసరొకటి, మిగిలింది పది. పదిలో అయిదు పెట్టి, కొసరొకటి, మిగిలింది నాలుగు. నాలుగులో రెండు పెట్టి, కొసరొకటి, మిగిలింది ఒకటి. ఎక్కడా ఒక్క అరిసె విరగలేదు.

దయ్యం చెట్టు దిగి మట్టిలో కూలబడి భోరుమంది. ఆ బుట్ట తెచ్చింది వాళ్ళావిడేనట. ఇదేంటి, ఒకటే తెచ్చావని కసిరితే, లెక్కల పంతులు కదా, మా అమ్మ ఎన్ని పెట్టిందో మీరే తేల్చండి అందట. ఈయన ఎనిమిదని తేల్చేసి, ఎనిమిదరిసెల పుట్టిల్లు, ఎనిమిదరిసెల పుట్టిల్లు అని బతికినన్నాళ్ళూ దెప్పాడు. ఆవిడ కాదంటే వినలేదు, లోపల అనుమానం మాత్రం పోలేదు.

మాణిక్యం ఊరుకుందా? మరి మిగిలిన ఆ ఒక్కటీ ఎవరు తిన్నారు పంతులుగారూ అని అడిగింది.

దయ్యం తలొంచుకుంది. "నేనే తిన్నానమ్మా. అత్తయ్యగారు అన్ని చేసి పంపితే మా ఆవిడకి ఒక్కటీ దక్కలేదు" అంది. తప్పయిపోయిందే అని ఆకాశంకేసి చేతులెత్తి దణ్ణం పెట్టింది. అంతే, పంచె లేదు, బెత్తం లేదు, దయ్యమూ లేదు.

గవర్రాజు అబ్బా అబ్బా అంటూ దిగాడు. మాణిక్యం ముళ్ళు తీసింది, అన్నం విప్పింది. ఎప్పుడూ లేంది వాడు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగి, నువ్వు తిన్నావా అని అడిగాడు. తినలేదంటే ఆ ముద్ద దాని నోట్లో పెట్టాడు. ఇద్దరూ హాయిగా బతికారు.

అందుకని, లెక్క వినగానే మీద పడిపోకండర్రా. ఏమడిగారో వినండి, బొమ్మ గీసుకోండి, ముందునుంచి రాకపోతే వెనకనుంచి రండి. ఇంట్లో ఒక్కటే మిగిలితే అమ్మ తిన్నదా అని అడగండి. కథ కంచి దారి పట్టింది, మన దారి దుప్పట్లోకి.