మడ్డిగుంట పక్కన మైలన్న

కొండవాలున, చెరకుతోటల అంచున ఒక పశువుల మంద మేసేది. అందులో పుల్లన్న, మైలన్న ఒకే కాన్పులో పుట్టిన కవల ఎడ్లు. ఆ మందను చూస్తే అడవిలోని పులికి నోరూరేది. కానీ పులి వాసన తగిలితే చాలు, పశువులన్నీ ఒకచోట చేరి కొమ్ములు బయటికి తిప్పి నిలబడేవి. పులి పప్పులు ఉడికేవి కావు.

"ఒకణ్ని విడదీసి ఒంటరిగా ఇస్తాను. మీరు తిన్నాక మిగిలింది నాది," అంది ఒక గుంటనక్క పులితో. పులి సరేనంది.

ఇక చూడాలి నక్క హుషారు! మర్నాడే మైలన్న పక్కన చేరింది.

"బావా, గడ్డిపరక కోసం ఈ తోపులాట నీకెందుకు? బెల్లం వండే పాక వెనక తియ్యటి మడ్డి గుంటనిండా ఉంది. నడవక్కర్లేదు, వాటా అడిగేవాడు లేడు!"

"మా అన్నని కూడా పిలవనా?"

"పిలిస్తే మందంతా వస్తుంది. నీ మేలు కోరి చెప్పాను, తర్వాత నీ ఇష్టం."

మైలన్న గంగిరెద్దులా తలూపి వెళ్లాడు. తాగాడు, పడుకున్నాడు, లేచి మళ్లీ తాగాడు. పుల్లన్న వెతుక్కుంటూ వస్తే నక్క అడ్డంపడి, "నీ తమ్ముడికి మీ మొహాలు చూడటం ఇష్టం లేదట," అనేది. ఇటొచ్చి, "నిన్నెవరూ తలుచుకోవటం లేదు బావా," అనేది. ఆ దిగులుకి మైలన్న ఇంకాస్త తాగేవాడు. పులి తొందరపడితే, "ఇంకాస్త కొవ్వు పట్టనివ్వండి మహారాజా," అనేది నక్క. వేసవి దాటేలోగా పొట్ట వేలాడింది. నాలుగడుగులకే రొప్పు, గిట్టల్లో పోటు, కళ్ల మీద మసక.

ఒకరోజు పుల్లన్న నక్క కన్నుగప్పి పాక వెనక్కి వచ్చాడు. అక్కడ కూలబడి ఉన్న ఎద్దుని చూసి మర్యాదగా అడిగాడు.

"తాతా, మా తమ్ముడు మైలన్న ఇటేమైనా కనబడ్డాడా?"

మైలన్న తలెత్తాడు. "నేనే అన్నా, మైలన్ననే!"

అబ్బ, ఆ ఏడుపు! ఒకరినొకరు నాకిన ఆ నాకుడు! పుల్లన్న తమ్ముణ్ని కొమ్ముతో తోసి లేపి, మందలోకి నడిపించుకొచ్చాడు.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత. తిండిపోతు!" అంది ఒక కోడె.

ముసలి గేదె నల్లమ్మ కసిరింది. "నోర్ముయ్యి! ఒంటరిని చేసి తీపిగుంట పక్కన పడేస్తే గొడ్డయినా మనిషైనా ఇంతే, ముందే ముసలైపోతారు. నువ్వయితే ఈపాటికి చచ్చేవాడివి. వీణ్ని మీ మధ్యన నడిపించండి. పచ్చగడ్డి, వాగునీళ్లు, నలుగురి తోడు. అదే మందు!"

వానలు వెనకబట్టేసరికి మైలన్న రొప్పు తగ్గింది, కంట్లో వెలుగొచ్చింది. కుంటు మాత్రం పోలేదు.

అప్పుడే నక్క పులిని వెంటబెట్టుకొచ్చింది. "మందలో కలిస్తేనేం? అడుగో, చివరన కుంటుతున్న ముసలాడు! పరిగెత్తలేడు, దూకండి మహారాజా!"

పులి దూకింది. మైలన్న నిజంగానే పరిగెత్తలేకపోయాడు. "అన్నా!" అని ఒక్క కేక పెట్టి, వెనక్కి తిరిగి కొమ్ములు వంచాడు. అంతే! కుడిపక్క పుల్లన్న, ఎడమపక్క నల్లమ్మ, వెనక మందంతా! పులి గాల్లోకి లేచి ముళ్లపొదలో పడింది.

ఒంట్లో దిగిన ముళ్లు పీక్కుంటూ పులి నక్క వైపు తిరిగింది. "ఒంటరివాణ్ని ఇస్తానన్నావుగా?"

నక్క చుట్టూ చూసింది. దాని పక్కన ఎవరూ లేరు.

నీతి: తీపి చూపించి తోడు దూరం చేసేవాడు ఆయువు దొంగ.