పైలట్ టోపీ వెల

సర్వేశ్వరశాస్త్రి గారిని ప్రశ్న అడగాలంటే శిష్యులు కాస్త వెనకా ముందూ చూసుకునేవారు. ఆయన కోపిష్టి కాదు. అడిగినదానికి జవాబు చెప్పడం మాని ఏదో ఒక పని పురమాయిస్తారు, అదీ వాళ్ళ భయం. కర్మఫలం అంటే ఏమిటండీ అని అడిగిన పాపానికి ఒక బ్యాంకు ఆఫీసరు ఆదివారం పొద్దుటంతా నూతిలో పడ్డ చేద కోసం గాలం వేస్తూ గడిపాడు. చేద దొరికింది. కర్మఫలం సంగతి ఏమైందో మాత్రం ఆ ఆఫీసరు ఎవరికీ చెప్పలేదు. భీమిలిలో సముద్రానికి నాలుగు వీధులు ఇవతల శాస్త్రిగారి ఇల్లు. ఆదివారాలు ఆ ముందు వసారాలో ఉపనిషత్తు పాఠం జరుగుతుంది. దానికోసం విశాఖపట్నం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళలో హైమవతి ఉంది. ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

ఆ ఆదివారం హైమవతి అందరికంటే ముందే వచ్చింది. చేతిలో పుస్తకంతో పాటు ఒక గుడ్డసంచీ కూడా ఉంది. నమస్కారం చేసి, ఇంకా పూర్తిగా కూర్చోకుండానే అడిగేసింది.

"గురువుగారూ, ఒక వస్తువుకి ఇదీ సరైన వెల అని ఎలా తెలుస్తుందండీ?"

శాస్త్రిగారు సంచీ వంక చూశారు. ఆమె అందులోంచి పాత తోలుటోపీ ఒకటి తీసి చాప మీద పెట్టింది. చెవుల మీదుగా గడ్డం దాకా దిగే టోపీ, దానిమీద దుమ్ము పట్టిన గుండ్రటి కళ్ళద్దాలు. వెనకటి రోజుల్లో విమానాలు నడిపేవాళ్ళు పెట్టుకునేది. నుదురు దగ్గర ఎర్రటి మరక ఒకటి ఉంది.

ఆ టోపీ హైమవతి మేనమామది. ఆయన పేరు సన్యాసిరావు. పేరుకి తగ్గట్టు పెళ్ళి జోలికి పోలేదు. వయసులో ఉండగా వాయుసేనలో పనిచేసి, తర్వాత చెల్లెలి ఇంట్లోనే ఉండిపోయి, పోయిన ఏడాది కాలం చేశాడు. పోతూ తన ఇనప్పెట్టె మేనకోడలికి ఇచ్చి, అమ్ముకుని నీకు కావలసింది కొనుక్కోవే అన్నాడు. పెట్టెలో ఈ టోపీ, విమానం ఎంత ఎత్తులో ఎగురుతోందో చూపించే మీటరు, గుప్పెడు బ్యాడ్జీలు ఉన్నాయి. హైమవతి చిన్నప్పుడు వేసవి సెలవులొస్తే ఆయన పిల్లలందర్నీ మేడ మీద కూర్చోబెట్టి, ఈ టోపీ పెట్టుకుని, చేతులు రెక్కల్లా చాపి, బంగ్లాదేశ్ యుద్ధంలో మబ్బుల చాటు నుంచి శత్రువు విమానం మీదికి తానెలా దూకాడో చెప్పేవాడు. అన్నం తినమంటే తినని పిల్లలు ఆ కథ చెబుతుంటే కంచాలు ఖాళీ చేసేవారు.

పాత వస్తువులు అమ్మే వెబ్‌సైట్లో పెడదామని కూర్చున్న రోజు నుంచి హైమవతి బుర్ర పనిచేయడం మానేసింది. ఇలాంటి టోపీయే ఒకచోట హోటల్లో భోజనం ఖరీదుకి ఉంది, ఇంకోచోట స్కూటర్ ఖరీదుకి ఉంది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసినా తేడా కనబడలేదు. లెక్కల టీచరు కదా, అన్ని ధరలూ కూడి సగటు తీసింది. ఆ సగటు ధరకి అలాంటి టోపీ లోకంలో ఎక్కడా లేదు. సరే, ధర రాయకుండా ఫోటోలు మాత్రం పెట్టింది. అంతే, మెసేజ్‌ల వాన మొదలైంది. తోలు పగలకుండా కొబ్బరినూనె రాశానని చెప్పుకుంటే, చేజేతులా నాశనం చేశారని ఒకడు తిట్టాడు. ఇంకొకడు నుదుటి మీద మరక రక్తమేనా అని అడిగి, రక్తమైతే రెట్టింపు ఇస్తానన్నాడు. అది కుంకుమ. సన్యాసిరావు ఏటా దసరాకి ఆయుధపూజ నాడు టోపీకి బొట్టు పెట్టేవాడు. ఆ మాట రాస్తే అతను మళ్ళీ పలకలేదు. రక్తానికి ఉన్న గిరాకీ కుంకుమకి ఎందుకు లేదో హైమవతికి బోధపడలేదు.

చివరికి పూనా నుంచి ఒక పెద్దమనిషి అందరికంటే ఎక్కువ ధర చెప్పాడు. దానికి ఒక షరతు పెట్టాడు. మా మేనమామ యుద్ధంలో విమానం నడుపుతూ ధరించిన టోపీ ఇదేనని ఆమె కాగితం మీద సంతకం చేసి పంపాలి. దానికేం భాగ్యం అనుకుంది. ఏ దళం, ఏ విమానం అన్న వివరాల కోసం సన్యాసిరావుతో కలిసి పనిచేసిన కూర్మారావు గారి నంబరు సంపాదించి శ్రీకాకుళానికి ఫోన్ చేసింది. ఆయన ముందు పెద్దగా నవ్వాడు.

"మీ మావ గాల్లోకి ఎప్పుడెగిరాడే అమ్మా! మేం ఇద్దరం పారాచూట్లు మడతపెట్టే షెడ్డులో ఉండేవాళ్ళం. ఆ టోపీ సంతలో కొన్నాడు. బేరమాడింది నేనే."

ఇదీ సంగతి. హైమవతి శాస్త్రిగారి ముందు తలవంచుకుని కూర్చుంది. సంతకం పెడితే తను అబద్ధం ఆడినట్టు. పెట్టకపోతే మావయ్య బతుకంతా అబద్ధమాడాడని లోకానికి చెప్పినట్టు. వచ్చే డబ్బు కాదనుకునేంత కలిగిన ఇల్లు కాదు. అన్నిటికంటే ముందు, తనకి ఊహ తెలిసినప్పటి నుంచి ముద్దుగా చూసుకున్న మనిషి ఎవరో ఇప్పుడు తెలియకుండా పోయింది. పూనా ఆయనకి సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

శాస్త్రిగారు అంతా విన్నారు. టోపీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత పిలకని జాగ్రత్తగా లోపలికి తోసి, దాన్ని తలకి పెట్టుకుని, కళ్ళద్దాలు కిందికి లాక్కున్నారు. పంచె, ఉత్తరీయం, విభూతి, పైన పైలట్ టోపీ.

"ఇవాళ ఇది నామీద ఉంటుంది. అడిగినవాళ్ళకి నువ్వు చెబుతూ ఉండు" అన్నారు.

హైమవతికి నవ్వు రాలేదు. గురువుగారు తనని ఆటపట్టిస్తున్నారేమో అనిపించి కళ్ళు చెమర్చాయి కూడా. కాని పని పురమాయించాక కాదనే అలవాటు ఆ వసారాలో ఎవరికీ లేదు.

ముందు వచ్చింది జోగారావు గారు. తహసీల్దారుగా చేసి రిటైరైన మనిషి. గురువుగారి అవతారం చూసి గుమ్మంలోనే నిలబడిపోయి హైమవతి వంక చూశారు. ఆమె నోటికి అలవాటైన మాటే ముందు వచ్చేసింది. "మా మావయ్యదండీ. యుద్ధంలో విమానం నడిపారు. ఎంతకి అమ్మాలో తెలియక తెచ్చాను" అంది. జోగారావు గారు చెప్పులు విడిచి, నిటారుగా నిలబడి, గురువుగారి తలకి సెల్యూట్ చేశారు. ఇలాంటివాటికి వెల కట్టకూడదమ్మా అన్నారు. హైమవతికి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. నిజానికి ఆ సెల్యూట్ చూసి ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది, సిగ్గంతా అందుకే. కళ్ళద్దాల వెనక గురువుగారు ఏమనుకుంటున్నారో ఏమీ తెలియడం లేదు.

కాసేపటికి కాలేజీలో పాఠాలు చెప్పే లలితాంబ వచ్చింది. ఈసారి హైమవతి గట్టిగా ఊపిరి తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. మావయ్య విమానం ఎక్కలేదని, పారాచూట్లు మడతపెట్టేవాడని, టోపీ సంతలో కొన్నదని చెప్పింది.

"ఓ, అంతేనా" అని లలితాంబ తన చాప పరుచుకుని పుస్తకం తెరిచింది.

ఆ మాటకి హైమవతికి ఒళ్ళు మండిపోయింది. అంతేనా అంటే ఏమిటి ఈవిడ ఉద్దేశం? నాలుగు మాటలు అడిగేద్దామనుకుంది కూడా. అంతలో, కూర్మారావు గారు చెప్పినప్పుడు తను మనసులో అనుకున్నదీ ఆ ఒక్క మాటేనని గుర్తొచ్చి నోరు మూసుకుంది. అబద్ధం చెబితే తలెత్తుకోలేకపోయింది, నిజం చెబితే కోపం వచ్చింది. ఇక చెప్పడానికి మూడోది ఏముందో ఆమెకి తోచలేదు.

అప్పుడు పెరట్లోంచి ఆరిన బట్టలు చంకనేసుకుని శాస్త్రిగారి భార్య మహలక్ష్మమ్మ గారు వచ్చారు. భర్త వంక ఎగాదిగా చూసి, "చెవిపోటా ఏమిటండీ? వెల్లుల్లి నూనె కాచి పోయనా?" అన్నారు. శాస్త్రిగారు హైమవతి వైపు వేలు చూపించారు. ఆవిడ ఒక దుప్పటి తీసి, "ఈ కొస పట్టుకోవే తల్లీ, మడతపెడుతూ చెప్పు" అన్నారు. హైమవతి కొస పట్టుకుని, రెండోసారి అదే నిజం, ఈసారి విసుగ్గా, రెండు ముక్కల్లో చెప్పేసింది.

"పారాచూట్ అంటే విమానంలోంచి దూకేవాళ్ళు కట్టుకునేదేనా? గొడుగులా విచ్చుకుంటుంది, అదేనా?"

"అదేనండీ."

"అంత గుడ్డ వీపు మీద సంచీలో పట్టాలంటే ఎంత పొందిగ్గా మడవాలీ! మడత తప్పితే?"

"విచ్చుకోదండీ."

అమ్మగారి చేతులు ఆగిపోయాయి. దుప్పటి ఇద్దరి మధ్యా వేలాడుతూ ఉండిపోయింది.

"మరి మీ మావయ్య మడతపెట్టినవన్నీ విచ్చుకున్నాయా తల్లీ?"

మబ్బుల చాటున జరగని యుద్ధాలన్నీ హైమవతికి కంఠతా వచ్చు. ఈ ఒక్కటి తెలియదు. టోపీ గురించి అడిగినవాళ్ళలో ఎవరూ ఇది అడగలేదు. ఆమె మాత్రం అడిగిందా?

అప్పుడు ఆమెకి ఇంట్లో సన్యాసిరావు దుప్పట్లు మడతపెట్టడం జ్ఞాపకం వచ్చింది. నేల మీద పరిచి, అరచేత్తో ఒక్కొక్క పొరా సవరించి, ఎక్కడ చిన్న ముడత కనబడినా మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆయన పక్కలు సర్దేసరికి తెల్లారుతుందని ఇంట్లో అందరూ వేళాకోళం చేసేవారు. హైమవతీ చేసేది. ఇంకొకటి కూడా జ్ఞాపకం వచ్చింది. ఆమె స్కూలు మార్కుల కార్డు మీద సంతకం పెట్టమంటే ఆయన అక్షరం అక్షరం చదివేవాడు. బస్సు పోతుంది మావయ్యా అని ఆమె గంతులేస్తుంటే, "పారాచూట్ మడతపెట్టినవాడు దానిమీద సంతకం పెట్టాలే. దూకేవాడు ఆ సంతకాన్ని నమ్ముకుని దూకుతాడు. సంతకమంటే తమాషా కాదు" అనేవాడు. తన పారాచూట్ మడిచి ఇచ్చిన మనిషెవరి గురించో మావయ్య చెబుతున్నాడనుకుంది అప్పట్లో ఆమె. ఆయన నిజం చెప్పకపోలేదు. మబ్బులు లేని కథని పిల్లలెవరూ వినిపించుకోలేదు, అంతే. వినేవాళ్ళ కోసం ఆయన సంతకి వెళ్ళి టోపీ కొనుక్కున్నాడు.

హైమవతి దుప్పటి కొస మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మగారు రెండో కొస పట్టుకునే ఉన్నారు. లలితాంబ పుస్తకం మూసింది.

ఏడుపు తగ్గాక ఆమె ఫోన్ తీసి పూనాకి మెసేజ్ రాసింది. మా మావయ్య విమానం నడపలేదు, పారాచూట్లు మడతపెట్టేవాడు, ఈ టోపీ ఆయన సంతలో కొన్నది, మీరడిగిన కాగితం మీద సంతకం పెట్టను అని. పంపేముందు అక్షరం అక్షరం చదువుకుంది. జవాబు వెంటనే వచ్చింది. అలాగైతే ఇది మామూలు టోపీయేనని, చెప్పిన ధరలో పదోవంతు ఇవ్వగలనని, అదీ నూనె రాయకుండా ఉండి ఉంటే ఇంకాస్త బాగుండేదని. ఆ సమయానికి వసారా శిష్యులతో నిండింది. అందరూ గురువుగారి తలకాయనే చూస్తున్నారు. ఎవరికీ అడిగే ధైర్యం లేదు.

"బేరం పోయిందండీ," అంది హైమవతి. "మావయ్య మీద కోపం కూడా పోయింది. కాని నేను అడిగింది అలాగే ఉండిపోయింది. ఇప్పుడు దీనికి ఎంత పెట్టమంటారు?"

శాస్త్రిగారు కళ్ళద్దాలు పైకి తోశారు. కళ్ళ చుట్టూ గుండ్రంగా గుర్తులు పడ్డాయి.

"కూర్మారావు గారు ఆ రోజు ఇంకేమీ చెప్పలేదా అమ్మా?"

ఆమె తటపటాయించింది. "ఏదో చెప్పబోయారండీ. 'మడతపెట్టడంలో మాత్రం మీ మావని...' అని మొదలుపెట్టారు. నాకు వినబుద్ధి కాలేదు. ఫోన్ పెట్టేశాను."

"ఆయనకి ఎన్నేళ్ళుంటాయి?"

"ఎనభై దాటి ఉంటాయండీ."

శాస్త్రిగారు టోపీ తీసి, చేత్తో ఒకసారి తుడిచి, ఆమె ఒళ్ళో పెట్టారు.

"టోపీ ఎక్కడికీ పోదులే" అని, పుస్తకం తెరిచారు.